మూలుగ ఓర్చుకుంటేనే కరెంటు వైద్యం పూర్తవుతుంది

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే టీచరును. కార్యదర్శిగారు వచ్చి క్యాన్సర్ మీద మాట్లాడమంటే, ఊళ్లో ఇంతమంది డాక్టర్లుండగా నేనెందుకండీ అన్నాను. "డాక్టరుగారు చెబితే మాకు సగం అర్థం కాదు టీచరమ్మా, మీరైతే పిల్లలకు చెప్పినట్టు చెబుతారు" అన్నారు. సరే, పిల్లలకు చెప్పినట్టే చెబుతాను. ఎవరి ఫోనైనా మోగితే మాత్రం పిల్లల్ని నిలబెట్టినట్టే బయట నిలబెడతాను.

క్యాన్సర్ గురించి అంతా చెప్పడం నా వల్ల కాదు. ఒక్క సంగతే చెబుతాను. మన ఊళ్లలో "కరెంటు పెట్టించుకుంటున్నారు" అంటాం కదా, ఆ రేడియేషన్ వైద్యం జరిగే ఆరేడు వారాల్లో రోగి ఎముకల్లోని మూలుగకు ఏమవుతుంది, దాన్ని ఎలా కాపాడతారు, అందులో మన డబ్బుకూ మన రక్తానికీ ఉన్న పని ఏమిటి అన్నది.

మూలుగ తెలియనివాళ్లు మన ఇళ్లలో లేరు. నల్లీ ఎముకను పళ్లెం అంచుకు కొట్టి, అందులోది ఎవరికి రావాలని పిల్లలు పోట్లాడుకోని పండగ ఉండదు. అయితే ఆ నల్లీలో ఉండేది చాలావరకు కొవ్వు. దాన్ని పసుపు మూలుగ అంటారు. రక్తాన్ని తయారుచేసేది ఎర్ర మూలుగ. చిన్నపిల్లల్లో అది ఎముకలన్నిటా ఉంటుంది. పెద్దవాళ్లయ్యేసరికి కాళ్లూచేతుల పొడవాటి ఎముకల నుంచి తప్పుకుని నడుము కటి ఎముకల్లో, వెన్నుపూసల్లో, పక్కటెముకల్లో, రొమ్ము ఎముకలో, పుర్రెలో, తొడ ఎముక పైభాగంలో మిగులుతుంది. కటి ఎముకలూ నడుము వెన్నుపూసలూ కలిపితే, మొత్తం ఎర్ర మూలుగలో దాదాపు సగం అక్కడే ఉంటుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఈ మూలుగ రోజుకు సుమారు 20,000 కోట్ల ఎర్ర కణాలను తయారుచేస్తుంది. ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది. గాయమైతే రక్తాన్ని ఆపే ప్లేట్‌లెట్లు ఎనిమిది, పది రోజులు ఉంటాయి. సూక్ష్మక్రిముల మీద ముందుగా పడి పోరాడే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణం రక్తంలో గంటల లెక్కన మాత్రమే ఉంటుంది. అందుకే మూలుగ దెబ్బతింటే తెల్ల కణాలు ముందు పడిపోతాయి, తర్వాత ప్లేట్‌లెట్లు, చివరికి హిమోగ్లోబిన్. మనిషి పైకి బాగానే తిరుగుతుంటాడు, మొహంలో రక్తం ఉన్నట్టే ఉంటుంది, లోపల మాత్రం క్రిములను ఆపే కాపలా ఖాళీ అయిపోయి ఉంటుంది.

రేడియేషన్‌కు మూలుగ మీద పగ ఏమీ లేదు. త్వరత్వరగా విభజన చెందే కణాలకు దాని దెబ్బ ఎక్కువ తగులుతుందని 1906లోనే బెర్గోనియే, ట్రిబోండో అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రవేత్తలు చెప్పారు. క్యాన్సర్ కణం అలాంటిదే కాబట్టి చస్తుంది. మూలుగ కణమూ అలాంటిదే కాబట్టి అదీ చస్తుంది. మేరీ క్యూరీ పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు రెండు నోబెల్ బహుమతుల సంగతి చెప్పి ఊరుకోను. ఆమె 1934లో పోయింది మూలుగ పనిచేయక వచ్చిన రక్తహీనతతో. రేడియం కన్నా, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు ఎక్స్‌రేలు తీస్తూ తిరిగిన కాలమే అందుకు కారణమై ఉండొచ్చని 1995లో ఆమె శవపేటికను తెరిచినప్పుడు ఫ్రాన్సు నిపుణులు అన్నారు. ఆమె పుట్టినరోజు నవంబరు 7నే మన దేశంలో క్యాన్సర్ అవగాహన దినంగా జరుపుతున్నారు.

మూలుగను కాపాడవచ్చని మొదట చూపింది ఎలుకలు. 1949లో షికాగోలో లియాన్ జాకబ్‌సన్ అనే డాక్టరు ఎలుకలకు చావు తప్పని మోతాదులో రేడియేషన్ ఇచ్చాడు. కొన్ని ఎలుకలకు మాత్రం ప్లీహాన్ని సీసపు రేకుతో కప్పాడు. ఎలుకల్లో ప్లీహం కూడా రక్తాన్ని తయారుచేస్తుంది. కప్పినవాటిలో చాలావరకు బతికాయి. రక్తం పుట్టే చోటు కొంచెం మిగిలినా ఒంట్లో మిగతా చోట్లకు అది మళ్లీ పాకుతుందని తర్వాత తేలింది. మూలుగ మార్పిడి అనే పెద్ద వైద్యానికి దారి అక్కడి నుంచే పడింది. ఆ దారిలో నడిచిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ ఇచ్చారు. అది రక్త క్యాన్సర్ల కథ, ఈరోజు దాని జోలికి వెళ్లను.

మన సొసైటీ గుమ్మం ఎక్కే ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. దానికి కరెంటు పెట్టే చోటు ఏది? నడుము కింద, కటి ఎముకల మధ్య. సగం మూలుగ ఉన్న చోటు అని ఇందాక చెప్పింది అదే. పైగా 1999 నుంచి ఈ జబ్బుకు కరెంటుతో పాటు వారానికి ఒకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు ఎక్కించడం పద్ధతి అయింది. రెండూ కలిస్తే నయమయ్యే అవకాశం పెరుగుతుందని పెద్ద పరిశోధనల్లో తేలింది. రెండూ కలిస్తే మూలుగ మీద బరువూ పెరుగుతుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ కరెంటు, మొత్తం 25 సార్లు. తర్వాత లోపలి నుంచి ఇచ్చే కరెంటు. ఇదంతా 56 రోజుల్లో, అంటే ఎనిమిది వారాల్లో అయిపోవాలి. ఆలస్యమైన కొద్దీ గడ్డ మళ్లీ పుంజుకుంటుంది, వైద్యం పట్టు తగ్గుతుంది. ఈ 56 అనే అంకెను నేను పుస్తకంలో నేర్చుకోలేదు.

మా చిన్న ఖాలా దగ్గర నేర్చుకున్నాను. ఆమె పల్లెలో మిరపకాయ కోతలకు వెళ్లేది. జబ్బు బయటపడినప్పుడు డాక్టరు, ఇది నయమయ్యే దశే అన్నాడు. కరెంటుకూ మందుకూ ప్రభుత్వ పథకం ఉంది. మన సొసైటీ కూడా 20,000 ఇచ్చింది. ఈ హాల్లోనే, ఈ మైకు పక్కనే, ఫోటో కూడా ఉంది. ఆమె తల మీద కొంగు సర్దుకుంటూ కవరు పట్టుకుని నిలబడింది.

మొదటి పరీక్షలో హిమోగ్లోబిన్ 8. కరెంటు పనిచేసేటప్పుడు రక్తం 10 దాటి ఉండాలని అక్కడి డాక్టర్లు రెండు సీసాల రక్తం ఎక్కించమన్నారు. రక్తం ఇచ్చేవాళ్లు దొరికేసరికి వారం పోయింది. తర్వాత రెండు వారాలు సజావుగా సాగింది. మూడో వారం ప్లేట్‌లెట్లు 92,000కు దిగాయి. లక్షకు తగ్గితే అక్కడ ఆ వారం సిస్‌ప్లాటిన్ ఇవ్వరు, కరెంటు ఒక్కటే ఇచ్చారు. అప్పటికే మనమిచ్చిన డబ్బు అయిపోయింది. లాడ్జి అద్దెకు, ఇద్దరి తిండికి, ఆటోలకు. నాలుగో వారం సోమవారం ఆమె రక్తపరీక్షకు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఫోన్లో కేకలేస్తే ఏమందో తెలుసా? "వారం వారం రక్తం లాగేస్తున్నారే బేటీ, అందుకే నా రక్తం తగ్గిపోతోంది" అంది.

నవ్వకండి. లాగేది రెండు మూడు మిల్లీలీటర్లు, చెంచాడు కూడా ఉండదు. కానీ ఆ మాట ఆమెకు ఎవరు చెప్పాలి? ఆస్పత్రిలో కాగితం ఇచ్చారు, అది ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో జీవశాస్త్రం టీచరు ఉంది, ఆ టీచరుకు పదో తరగతి పరీక్షల డ్యూటీ ఉంది.

ఆ శనివారం రాత్రి పదింటికి ఖాలా కొడుకు ఫోన్ చేశాడు. "ఆపా, అమ్మీకి జ్వరం, ఒళ్లు కాలుతోంది." నేనేం చెప్పానో వినండి. పారాసిటమాల్ వేసి, తడిగుడ్డతో తుడిచి, పొద్దున్నే చూద్దాం అన్నాను. పొద్దున్న ఆదివారం. జ్వరం కాస్త తగ్గినట్టుంది. సోమవారం ఆస్పత్రికి వెళ్లేసరికి బీపీ పడిపోయింది. న్యూట్రోఫిల్స్ 500 కన్నా కింద ఉన్నాయి. ఆ స్థితిలో 100.4 డిగ్రీల జ్వరం వస్తే గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. అది రాత్రి పదైనా, పండగ రోజైనా సరే. నేను ముప్ఫై ఏళ్లుగా తెల్ల కణాలు మన సైనికులని బోర్డు మీద బొమ్మ గీస్తున్న దాన్ని. సైన్యం లేని కోటలో జ్వరం అంటే ఏమిటో నాకు తట్టలేదు.

ఆమె తేరుకుంది. కానీ కరెంటు ఆగిపోయింది, మళ్లీ మొదలై, లోపలి కరెంటు కూడా అయ్యేసరికి 74 రోజులు పట్టింది. 56కు 18 ఎక్కువ. పద్నాలుగు నెలలకు జబ్బు తిరగబెట్టింది. ఆ మరుసటి రంజాన్‌కు ఆమె లేదు. ఆ 18 రోజులే కారణమని ఏ డాక్టరూ నాతో అనలేదు. నేనూ అనను. కానీ ఆ 18 రోజుల్లో ఎన్ని మన చేతిలో ఉన్నాయో మాత్రం లెక్కేసుకున్నాను. ఈరోజు ఇక్కడ నిలబడ్డది అందుకే.

ఇప్పుడు మూలుగను కాపాడే పద్ధతుల సంగతి. డాక్టర్ల చేతిలో ఉన్నది ఒకటుంది. పాత కోబాల్టు యంత్రంతో ముందు నుంచి, వెనక నుంచి వెడల్పుగా కిరణాలు పంపితే దారిలో ఉన్న కటి ఎముకలన్నీ తడుస్తాయి. అలా అని కోబాల్టు పనికిరానిదని అనుకోవద్దు, దానితో నయమై మనవళ్లను ఎత్తుకున్నవాళ్లు నాకు తెలుసు. కొత్త యంత్రాల్లో కిరణాల తీవ్రతను ముక్కముక్కకూ మార్చి, గడ్డ ఆకారానికి సరిపడా మలుస్తారు. దాన్ని ఐఎంఆర్‌టీ అంటారు. ముందుగా స్కాన్ తీసి, ప్లాన్ గీసేటప్పుడు మూత్రాశయాన్నీ పేగునూ తప్పించినట్టే కటి ఎముకలను కూడా తప్పించాల్సిన అవయవంగా గుర్తుపెట్టి, వాటి మీద డోసు తగ్గించవచ్చు. అలా చేస్తే తెల్ల కణాలు పడిపోవడం తగ్గుతుందని పరిశోధనల్లో కనబడింది. పూర్తిగా తప్పించడం కుదరదు, గడ్డ ఆ ఎముకల నడుమే ఉంది కాబట్టి. ఎక్కువ డోసు పడ్డ చోట మూలుగ కొవ్వుగా మారి ఏళ్లపాటు అలాగే ఉండిపోవచ్చు. మిగతా ఎముకలు అదనంగా పనిచేసి సర్దుకుంటాయి. మన రోగి ప్లాన్‌లో మూలుగను చూసుకున్నారా అని డాక్టరును మర్యాదగా అడగడంలో తప్పు లేదు. అడిగితే చాలామంది సంతోషంగానే చెబుతారు.

రోగి చేతిలోనూ కొంత ఉంది. రోజూ అదే పద్ధతిలో పడుకోవడం, చెప్పినన్ని నీళ్లు తాగి మూత్రం ఆపుకుని బల్ల ఎక్కడం. అప్పుడే గీసిన ప్లాన్, పడే కిరణం ఒకచోట కలుస్తాయి. రంజాన్ నెలలో వైద్యం పడితే మన ఆడవాళ్లు రోజా వదలడానికి ఒప్పుకోరు. సిస్‌ప్లాటిన్ పడ్డ ఒంటికి నీళ్లు లేకపోతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. జబ్బు చేసినవాళ్లకు సడలింపు ఉందని మనం చెబితే వినరు, ఇమామ్‌సాబ్‌తో చెప్పిస్తే వింటారు. ఇది ఖర్చు లేని సాయం.

ఇక ఖర్చు పెట్టి చేసే సాయం, అదీ తప్పుగా చేసేది. ఖాలాకు తెల్ల కణాలు పడిపోయాయని తెలిసి, సౌదీలో ఉన్న మా కజిన్ వెంటనే డబ్బు పంపాడు, రక్తం పెంచే ఇంజక్షన్లు కొనమని. ఫిల్‌గ్రాస్టిమ్ అనే ఆ మందు 1991 నుంచి ఉంది, కీమోథెరపీలో దానివల్ల బాగుపడ్డవాళ్లు ఎందరో. కానీ కరెంటూ మందూ కలిపి నడుస్తున్న రోజుల్లో దాన్ని మామూలుగా ఇవ్వరు. అది మూలుగ కణాలను తొందరపెట్టి విభజన చేయిస్తుంది. విభజన చెందే కణానికే రేడియేషన్ దెబ్బ ఎక్కువని ఇందాక చెప్పాను కదా. ఆ జాతికే చెందిన మరో మందును ఛాతీకి కరెంటు పెట్టే రోగులకు కలిపి ఇచ్చి చూస్తే, ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోయాయని 1995లో ఒక పరిశోధన వచ్చింది. డాక్టరు ఆ ఇంజక్షన్లు వద్దంటే మా కజిన్ కోపం తెచ్చుకున్నాడు, పైసలు నావి కదా అన్నాడు. డాక్టరు రాస్తే కొనండి, రాయకపోతే మెడికల్ షాపు వాడు చెప్పాడని కొనకండి.

బొప్పాయి ఆకు రసం కూడా అంతే. డెంగీ రోజుల నుంచి ప్లేట్‌లెట్లు అనగానే అందరికీ అదే గుర్తుకొస్తోంది. కరెంటు వల్ల తగ్గిన ప్లేట్‌లెట్లను అది పెంచుతుందనడానికి రుజువు లేదు. తెల్ల కణాలు లేని మనిషికి సరిగా కడగని పచ్చి ఆకు రసం పోస్తే కొత్త జ్వరం కొని తెచ్చినట్టే. వండినది, వేడిగా, శుభ్రంగా పెట్టండి, చాలు.

మరి మనం చేయగలిగిందేమిటి? ముందు రక్తం. మనం ఏటా ఒకరోజు రక్తదాన శిబిరం పెడతాం, బానర్ కడతాం, పండ్లరసం ఇస్తాం. అది మంచిదే, ఎర్ర కణాలు నెల పైన నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు మాత్రం ఐదు రోజులే నిల్వ ఉంటాయి. జనవరిలో పెట్టిన శిబిరం జూన్‌లో నాలుగో వారం నడుస్తున్న రోగికి ప్లేట్‌లెట్లు ఇవ్వలేదు. దానికి కావలసింది ఫోన్ చేస్తే రెండు గంటల్లో బ్లడ్ బ్యాంకుకు రాగల మనుషుల జాబితా. యంత్రం మీద ఒకే దాత దగ్గర తీసే ప్లేట్‌లెట్ల సంచి మామూలు సంచులు ఆరింటికి సమానం. రోగికి ఒక్కసారిగా 30,000 నుంచి 60,000 దాకా పెరుగుతాయి. గంటా గంటన్నర పడుతుంది, మిగతా రక్తం మళ్లీ మన ఒంట్లోకే వస్తుంది. 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వవచ్చు, ఏడాదికి 24 సార్ల దాకా. అంతకు మూడు రోజుల ముందు నుంచి ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు. మామూలు రక్తమైతే మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. అంకె తగ్గిందని చూడగానే బంధువులు కంగారుపడి సంచుల కోసం పరిగెత్తనక్కర లేదు. రక్తస్రావం లేకపోతే ప్లేట్‌లెట్లు 10,000 కిందకు దిగితేనే సాధారణంగా ఎక్కిస్తారు, ఆ నిర్ణయం డాక్టరుది.

రెండోది డబ్బు ఇచ్చే తీరు. ఇది చెబితే కార్యవర్గంలో కొందరికి నచ్చదు, అయినా చెబుతాను. మొదటి రోజు కవరులో పెట్టి ఒకేసారి ఇచ్చే 20,000 రెండు వారాల్లో కరిగిపోతుంది. రోగికి అవసరం ముదిరేది మూడో వారం నుంచి. అదే డబ్బును ఎనిమిది భాగాలు చేసి, ప్రతి సోమవారం రక్తపరీక్ష రిపోర్టు చూపించగానే ఆ వారం భాగం ఇస్తే, పరీక్ష తప్పదు, లాడ్జి అద్దె తప్పదు, మనిషి మధ్యలో ఊరికి వెళ్లిపోదు. ఫోటోలో ఇది కనబడదని నాకు తెలుసు. ఆటోకు రసీదు రాదు, లాడ్జి వాడు బిల్లు ఇవ్వడు, ఆడిటర్‌గారికి తలనొప్పి. జకాత్ పద్దు నుంచి ఏది ఇవ్వవచ్చు, ఏది సదకా నుంచి ఇవ్వాలి అన్నది ఆలిములు చెప్పాలి, నాకు తెలియదు. కానీ రసీదు వచ్చే ఖర్చులను ఇప్పటికే చాలావరకు పథకం భరిస్తోంది. రోగిని కూలదోసేవి రసీదు రాని ఖర్చులే.

మూడోది చిన్నది. ప్రతి రోగికి కవరుతో పాటు ఒక డిజిటల్ థర్మామీటర్, తెలుగులో ఒక కాగితం. ఆ కాగితాన్ని ఇక్కడి డాక్టరుగారికి చూపించి నేనే రాశాను. మూడే వాక్యాలు. జ్వరం 100.4 దాటితే మాత్ర వేసుకుని పడుకోవద్దు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లండి. వారం వారం తీసేది చెంచాడు రక్తం కన్నా తక్కువ, దానివల్ల రక్తం తగ్గదు. డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా కరెంటు మానవద్దు. కింద రెండు ఫోన్ నంబర్లు, రాత్రి ఎత్తే నంబర్లు. ఒకటి నాది. రెండోదానికి మనిషి కావాలి. మోటార్ సైకిల్ ఉన్నవాడైతే మంచిది, కారున్నవాడైతే ఇంకా మంచిది.

పోయిన ఏడాది ముగ్గురికి ఇలా మనలో కొందరం చేతి డబ్బుతో చేసి చూశాం. ముగ్గురూ 56 రోజుల్లో ముగించారు. ముగ్గురితో ఏదీ రుజువు కాదని నా తొమ్మిదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. అందులో ఒకావిడకు ఐదో వారం అర్ధరాత్రి జ్వరం వచ్చింది. థర్మామీటర్ చూసి ఆమె కూతురే, పన్నెండేళ్ల పిల్ల, నాకు ఫోన్ చేసింది. "టీచర్, నూటొకటి ఉంది, మాత్ర వేయలేదు" అంది. ఆటో దొరికేసరికి పన్నెండున్నర. ఒంటిగంటకల్లా యాంటీబయాటిక్ పడింది, నాలుగో రోజు మళ్లీ కరెంటు మొదలైంది.

ప్లేట్‌లెట్ల దాతల జాబితా కోసం ఆ గుమ్మం పక్కన బల్ల మీద రిజిస్టర్ పెట్టాను. పేరు, బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు, రాత్రి రాగలరా లేదా అనే గడి ఉన్నాయి. వయసు 18 నిండాలి, మామూలు రక్తానికి బరువు 45 కిలోలు, ప్లేట్‌లెట్లకైతే 50 దాటాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్లు సిగ్గుపడకుండా రాయండి, ఇవ్వవచ్చో లేదో బ్లడ్ బ్యాంకు వాళ్లు చూసుకుంటారు. మొదటి గీత మీద నా పేరు ఉంది, ఓ పాజిటివ్. రెండో గీత మీద మా ఆయన పేరు రాశాను. ఆయనకు ఇంకా చెప్పలేదు, ఇప్పుడే వింటున్నారు.